గడి దాటిన దరువు

డెట్రాయిట్, గ్రాషియట్ రోడ్డు, ఫిబ్రవరి నెల.
వీధిలో మంచు మసిబారిన సాయంత్రం
వెర్డెల్ మామ నేలమాళిగలో
పొట్ట విప్పిన డ్రమ్ మెషీను ముందు కూర్చున్నాం.
టంకం పొగ. చల్లారిన కాఫీ.
పైన వంటింట్లో లొరేసా అత్త
బెండకాయలు తరుగుతున్న చప్పుడు.

"రెండూ ఒకటే కదా మామా,
అదీ మెషీనే, ఇదీ మెషీనే" అన్నాను.
కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి
ఆయన నన్ను చూసిన చూపు
చిన్నప్పుడు చర్చిలో చూయింగ్ గమ్ నమిలితే చూసిన చూపే.

అరచేత్తో బల్ల మీద కొట్టాడు.
దబ్ దబ్ దబ్ దబ్.
"ఇది టెక్నో.
ముప్పై ఒక్క ఏళ్లు స్టాంపింగ్ ప్లాంట్‌లో విన్నాను దీన్ని.
ప్రెస్సు దిగుతుంది, కారు తలుపు పుడుతుంది,
మళ్లీ దిగుతుంది.
అలిసిపోయావా అని అడగదు.
దాని దయ కూడా అదే.
తెల్లవారుజామున మూడింటికి
అద్దె బాకీ, వదిలేసి పోయినవాడి పేరు
అన్నీ మర్చిపోయి కాలు కదుపుతుంటావు చూడు,
అప్పుడు నిన్ను మోసేది అదే.
రైలు. ఎక్కితే చాలు."

తర్వాత చాలాసేపు ఏమీ కొట్టలేదు.
టంకం కడ్డీ తుడిచాడు, దగ్గాడు.
అప్పుడు వేళ్ల కణుపులతో
దబ్... చక్. దద్దబ్...
నా మెడ ముందుకు సాగింది
రావలసిన దెబ్బ కోసం.
రాలేదు.
రానిచోట నా తల దానంతటదే ఊగింది.

"దొరికిపోయావ్," అన్నాడు.

"మీ చెల్లెలు ఎండాకాలం ఆ పేవ్‌మెంటంతా
సుద్దముక్కతో పాడుచేసేది గుర్తుందా?
తొక్కుడుబిళ్ల.
బిళ్ల పడిన గడిలో కాలు పెట్టకూడదు.
గాల్లో ఉన్న ఆ కాసేపే కదా ఆటంతా!
ఎలక్ట్రోలో ఎప్పుడూ ఒక గడిలో బిళ్ల ఉంటుంది.
బ్రాంక్స్ పిల్లలకు తెలుసది,
వాళ్ల దగ్గర్నుంచి మాకొచ్చింది.
టెక్నో పేవ్‌మెంటు మీద తిన్నగా నడిచిపోతుంది,
ఎంత దూరమైనా."

"మరి ఆ రోబో గొంతులు?"

దీనికి మాత్రం నవ్వాడు, కొంచెం.
"మా థర్మన్‌కి గొంతు కోసేశాక
మెడకి ఆనించుకునే బుల్లి మెషీను ఇచ్చారు ఆస్పత్రిలో.
తుమ్మెద తగరపు డబ్బాలో పడ్డట్టు ఉండేది మాట.
ఇంటికొచ్చిన మూడోరోజే మంగలిషాపుకి పోయి
ఆ ఇనపగొంతుతో
ఆడవాళ్ల ముందు చెప్పకూడని జోకు చెప్పాడు.
షాపంతా నేల మీద పడి దొర్లింది.
వాడి గొంతు తీసుకున్నారు గానీ వెటకారం ఎక్కడ పోతుంది?
ఎలక్ట్రో అంటే ఏమిటని ఎవడైనా అడిగితే
నాకు ఆ షాపే గుర్తొస్తుంది."

మరి రెండూ కలిసిపోయిన పాటలున్నాయిగా అన్నాను.
"ఉంటాయి. దాయాదులు కదా,
ఒకరి చొక్కా ఒకరు తొడుక్కోరా?
చొక్కా చూడకు. నడక చూడు."

మెషీనుకి పదహారు మీటలు.
ఏడోది వెలగడం లేదు, అందుకే రిపేరుకు వచ్చింది.
"అలాగే వదిలెయ్ మామా,
దానికదే ఎలక్ట్రో వాయిస్తుంది" అన్నాను
తెలివిగా మాట్లాడాననుకుని.
ఆయన పలకలేదు.
తీగ కొస కరిగించాడు, ఊదాడు, నొక్కాడు.
ఏడో మీట ఎర్రగా వెలిగింది.

తర్వాత దరువు కూర్చాడు,
ఒకటి, నాలుగు, పదకొండు...
ఏడో మీట దగ్గర
వేలు ఆగింది, దాని మీదుగా దాటిపోయింది.

"చచ్చినదాన్ని వదలడం ఏం గొప్ప!"

పైన కత్తి చప్పుడు ఎప్పుడు ఆగిందో తెలీదు.
లొరేసా అత్త మెట్ల తలుపు తీసి
తినడానికి వస్తారా, చస్తారా అక్కడే, అని అరుస్తోంది
దరువు మీద సరిగ్గా,
ఆ ఖాళీ గడిలో.