మూడు గీతలు

ఖాజాగూడ గుట్ట మీద
ఈ వానాకాలం నా నోట్‌బుక్కులో మూడు గీతలు.
నిరుడు పదకొండు.
అంతకుముందు ఏడాది పేజీ తడిసి అలుక్కుపోయింది,
చాలానే ఉండేవని మాత్రం గుర్తు.

అడవినాభి.
జంగయ్య నోట్లో అది ఉత్త నాభిగడ్డ.
"గా పువ్వు కోసం రోజూ ఎక్కుతవా మేడం"
కొత్త గేటు కాడ కుర్చీలో కాళ్ళు చాపి నవ్వుతాడు.
అతని టిఫిన్ డబ్బా మూత మీద ఉడుత,
జొన్నరొట్టె కొస రెండు చేతులా తిప్పుతూ
చిల్లర చూసుకునే దుకాణదారులా.

దాన్ని ఎవరూ లెక్కపెట్టరు.
మా మూడో అంతస్తులో ఏసీ పైపు స్పాంజి పీకి
ఇన్వర్టర్ వెనక పిల్లల్ని పెట్టింది.
ఈ ఊరు దానికి కంఠతా వచ్చు:
ఏ కేబుల్ ఏ కిటికీకి పోతుందో,
మెట్రో పిల్లర్ ఎక్కడ గరుకో,
పిల్లి ఎప్పుడు కునుకు తీస్తుందో.
వేపచెట్టు కొట్టేస్తే ఒకరోజంతా తిట్టి
మర్నాటికి హోర్డింగు వెనక కాపురం.

నాభికి ఊరు రాదు.
వచ్చింది ఒకటే, పట్టుకోవడం.
ఆకు కొసనే వేలు చేసుకుని
అందిందల్లా చుట్టుకుంటుంది:
సీతాఫలం కొమ్మ, ఎండిన బోదగడ్డి,
ఈసారి సర్వేవాళ్ళు పాతిన ఇనుప కడ్డీ.
కడ్డీకి పూసిన ఎరుపు,
పక్కనే తల వంచి, రేకులు పైకి విరిచిన ఎరుపు.
ఏది ఎవరి గుర్తో దూరం నుంచి తెలీదు.

ఒళ్ళంతా విషం. మేక ముట్టదు.
గడ్డలు తవ్వేవాళ్ళు మాత్రం సంచులతో వచ్చారు.
ఇంత జాగ్రత్త పడ్డదానికి
బండ కిందకి దిగే డ్రిల్లు సంగతి ఎవరు చెప్పాలి?

ఉడుత మీద కోపం వచ్చిన మాట నిజం,
ఎంగిలి తిని బతికేదానికి ఇంత ధీమా ఏంటని.
తర్వాత సిగ్గేసింది.
నేనూ భోనగిరి నుంచి వచ్చి
ఈ తీగల మీదే నడక నేర్చుకున్నాను,
అద్దెగది మారినప్పుడల్లా
ఒకరోజు తిట్టుకుని.

దాని వీపు మీదా మూడే గీతలు,
ఎవరో లెక్క మొదలెట్టి
చాలులే అని లేచిపోయినట్టు.

ఇవాళ జంగయ్య మొదటిసారి నాతో పైకెక్కాడు.
"ఇదేంది మేడం?"
బండ నెర్రెలో వేలెడంత మొలక.
ఆకు కొస గాలిలో వంకర తిరిగి
ఇంకా దేన్నీ పట్టుకోలేదు.
పెన్సిల్ తీసి ఆగిపోయాను.
పూసేదాకా లెక్క కాదు,
ఆ నియమం నాదే.

అతను ఓ ఎండుపుల్ల విరిచి దాని పక్కన గుచ్చాడు.
చేతులు దులుపుకుని
డబ్బా మూత తెరిచి వచ్చానంటూ
ఉడుతని అదిలించడానికి గబగబా దిగిపోయాడు.