ఒంటి డెక్క

వెర్లిన్ దుకాణంలో గోడ నిండా సంచులే.
ఒక్కో సంచిలో ఎనిమిది రబ్బరు రొయ్యలు,
ఉప్పూ వెల్లుల్లి నూనే పట్టించినవి.
విప్పితే ఊరగాయ జాడీ పక్కన నిలబడ్డట్టుంటుంది.

జిగ్ అంటే ఒక సీసం తల, ఒక గాలం,
మెడ చుట్టూ కుచ్చుల పావడా.
ఆ పావడా వెనక గుచ్చే మెత్తని ముక్కని
ఈ ఓజార్క్ కొండల్లో ట్రైలర్ అంటారు.
సినిమా ట్రైలర్‌కీ దీనికీ పని ఒకటే,
లేనిదాన్ని ఊరించడం.

మార్చి మొదటి శనివారం.
నిన్నటి వానకి సరస్సు పాలు తక్కువైన టీలా ఉంది.
నీళ్ళు నలభై ఆరు డిగ్రీలని
పడవల రేవులో సుద్దముక్కతో రాశారు.

"డెక్కలు బాగా కొట్టుకునేది ఇవ్వు" అన్నాను.
వెర్లిన్ కళ్ళజోడు మీంచి చూశాడు.
"ఈ చలిలో నీ చేతులెక్కడున్నాయి, నెవా?"
జేబుల్లో ఉన్నాయి.
"రొయ్యవీ అంతే."
పోనీ ఈ పొడుగు మీసాలవి, అన్నాను.
"మీసాలదేముంది, రొయ్యకి ఎప్పుడూ బారెడే."
పొట్టిగా, మొద్దుగా, అసలు కదలని రకం ఒకటి
బల్ల మీద పెట్టాడు. నల్లది, నీలం చుక్కలు.
తెగిన చెప్పు ముక్కలా ఉంది.

కోళ్ళ ఫ్యాక్టరీలో నాకిప్పుడు వారానికి మూడే షిఫ్టులు.
సంచి ఐదు డాలర్ల డెబ్బై సెంట్లు.
ఒక్కటే కొనాలి.
అందుకే రెండు సంచులూ గుమ్మం దాకా పట్టుకెళ్ళాను,
ట్యూబులైటు కింద ఏ రంగూ నిజం చెప్పదు,
గుడ్డలు కొనేవాళ్ళందరికీ తెలిసిన సంగతే.
ఎండలో ఆ మొద్దుది ఇంకా మొద్దుగా ఉంది.
పచ్చ గుమ్మడి రంగుది మాత్రం
వేలితో తడితే రెండు డెక్కలతో చప్పట్లు కొట్టింది.
చప్పట్లు కొట్టేవాళ్ళని కాదనడం నా వల్ల కాదు.

మా చెల్లెలి కొడుకు థాడ్, పదకొండేళ్ళు,
పడవ ముందు కూర్చుని
అయిదు నిమిషాలకోసారి
ఏమైనా తగిలిందా అని అడిగాడు.
మూడు గంటలు.
అంటే ముప్ఫై ఆరు సార్లు లేదన్నాను.

అప్పుడు, మునిగిన దేవదారు కొమ్మకి చిక్కింది జిగ్.
లాగితే వచ్చింది, ఒక డెక్క అక్కడే వదిలి.
మార్చాలి. సంచిలో ఇంకా ఏడున్నాయి.
కానీ ఒక్కోటీ డెబ్బై ఒక్క సెంట్లని
నా వేళ్ళు ముందే లెక్కేసుకున్నాయి.
అలాగే వదిలాను.

ఒంటి డెక్కకి చప్పట్లు రావు.
అది పక్కకి ఒరిగి, రాతి మీంచి జారి,
అడుగున పడి ఊరుకుంది.
నేనూ ఊరుకున్నాను.
దారం లాగలేదు, అదరలేదు.
ఎవరో దాని మీద తడిబట్ట ఆరేసినట్టు
బరువైంది, అంతే.

నాలుగున్నర పౌన్ల ఆడ బాస్.
నోరు తెరిస్తే గొంతులోంచి రెండు మీసాలు.
అసలు రొయ్య!
డెక్కలు ఒంటికి హత్తుకుని ఉన్నాయి.
వెర్లిన్ గోడ మీద లేని రంగు,
తడిసిన బండరాయి రంగు,
అంచున మాత్రం
పసుపు రాసి తుడిచేసినంత.
చేపని నీళ్ళలోకి వదిలేశాను, దాని భోజనంతో సహా.

చెయ్యి తుడుచుకుని తిరిగేసరికి
థాడ్ మిగతా ఏడింటికీ ఎడమ డెక్క పీకేశాడు.
సీటు మీద వరసగా పేర్చాడు.
"ఇప్పుడన్నీ పట్టేస్తాయి పెద్దమ్మా!"

సాయంత్రం దాకా ఒక్క చేపా ముట్టలేదు.

రాత్రి వంటింట్లో లైటర్ వెలిగించి
తెగిన చోటల్లా కరిగించి అతుకుతున్నాను.
ఒకటి పైకి చూస్తోంది. ఒకటి వెనక్కి తిరిగింది.
ఇంకొకటి క్లాసులో జవాబు తెలిసిన పిల్లలా
చెయ్యెత్తి నిలబడింది.
ఇల్లంతా కాలిన వెల్లుల్లి.
థాడ్ సోఫాలో, బూట్లతోనే నిద్ర.

ఏడూ ప్లేటులో ఆరబెట్టాను.
రేపటికి నీళ్ళు ఇంకో డిగ్రీ వేడెక్కుతాయట.
ముందు ఏది గుచ్చాలో
ఇంకా చూస్తున్నాను,
ఒక్కోదాన్నీ వేలితో తట్టి.