మైనస్ ఎనభై

బ్రహ్మపురంలో మే నెల.
తారు చెప్పులకు అంటుకుంటోంది.
మెడికల్ కాలేజీ వెనక, శవాల గది దాటాక
సున్నం వెలిసిన మేడలో
నేను కాపలా కాసే చలి మాత్రం
సున్నాకి ఎనభై మెట్లు కింద.

బోర్డు మీద పేరు ఒడియాలో ఉంది, ఇంగ్లీషులో ఉంది.
తెలుగులో లేదు.
ఎండుచేపల బజార్లో అడిగితే మాత్రం
"ఆ రగతం ఆఫీసా?" అని
తెలుగులోనే దారి చెబుతారు.

మాది మగ్గాల వీధి.
తెగిన పట్టుపోగుని నాన్న
నాలుకతో తడిపి ముడేసేవాడు.
ముడి కనబడితే చీర పరువు పోయినట్టే.
నా పనీ అలాంటిదే.
మందులకి రావడం మానేసినవాళ్ళని
మా కాగితాల్లో 'తప్పిపోయినవారు' అంటారు.
ఎవరూ తప్పిపోలేదు.
సూరత్‌లో మరమగ్గాల ముందు
రెండు షిఫ్టులు నిలబడి ఉన్నారు.

ఇతిశ్రీ బెహరా మొదటిసారి వచ్చినప్పుడు
ఆమె దగ్గర ఉన్నది ఒక్క ప్రశ్న.
రథజాతరకి ఇంటికొచ్చి వెళ్ళినవాళ్ళ ఒంట్లో
శ్రావణం తిరిగేసరికి వైరస్ ఎందుకు లేస్తోంది?
ప్రశ్నకి జీతం ఉండదు, కుర్చీ ఉండదు.
సెంటరు ఆమెకి ఒక బల్ల ఇచ్చింది,
ఏడాదికి సరిపడని ఏడాది డబ్బిచ్చింది,
లెక్కల పాత్రో గారిని ఇచ్చింది.
"నలభై మంది చాలరమ్మా, రెండొందల పన్నెండు కావాలి"
అని ఆయన ఆమె నిద్ర తీసేశాడు.
నేను ఒక అర ఇచ్చాను,
మూడో ఫ్రీజరు, కింది నుంచి రెండోది.

సమ్మతి పత్రం హైదరాబాదు నుంచి తర్జుమా అయి వచ్చింది.
'జీవనమూనాల దీర్ఘకాలిక నిల్వకు అంగీకరించుచున్నాను.'
సలహా సంఘంలో జన్ని తవిటమ్మ,
పదకొండేళ్ళుగా ఆ మాత్రలు మింగుతూ
చేపల తట్ట మోస్తున్న మనిషి,
కాగితం కింద పెట్టింది.
"ఇది ఎవల తెలుగు బాబూ?
నాను సచ్చిపోనాక ఈ రగతం ఎవల్ది?"
పాత్రో గారు ఫ్యాను వైపు చూశారు.
ఆ మధ్యాహ్నం అంతా కూచుని రాశాం:
మీ రక్తం మీదే. మా దగ్గర దాస్తాం.
వద్దంటే పారబోస్తాం.
మూడో వాక్యాన్ని ప్లీడరు రెండుసార్లు కొట్టేశాడు.
మూడుసార్లు తిరిగి రాశాం.

తుఫాను రాత్రి కరెంటు పోయింది.
జనరేటరు దగ్గి ఊరుకుంది.
మైనస్ డెబ్భై ఆరు. డెబ్భై ఒకటి.
తలుపు తెరవకూడదు, తెరిస్తే చలి పారిపోతుంది.
రొయ్యల కంపెనీ వ్యానులో పొడిమంచు మూటలతో
తడిసి ముద్దై దిగింది ఇతిశ్రీ.
ఇంట్లోని దుప్పట్లన్నీ తెచ్చి ఫ్రీజరుకి కప్పాం,
జ్వరమొచ్చిన పిల్లకి కప్పినట్టు,
కాకపోతే వేడి తగలకుండా.

ఆ పెట్టెలో ఎవరికీ పేరు లేదు, నంబర్లే.
అయినా 0417 ఎవరో నాకు తెలుసు.
నాన్న పక్క మగ్గం మీద ఆసు పోసినవాడు.
టీ కొట్టు దగ్గర నన్ను చూసి తల తిప్పుకుంటాడు.
నేనూ తిప్పుకుంటాను.
ఈ పనికి రిజిస్టర్లో గడి లేదు.

రెండొందల పన్నెండు మంది పూర్తయ్యారు.
పాత్రో గారి గీత శ్రావణంలో నిటారుగా లేచింది.
ఎందుకో గీత చెప్పలేదు.
తవిటమ్మ చెప్పింది:
"గదికి పన్నెండుగురు పడుకుంటారు.
డబ్బా కదిపితే మాత్తర్లు గలగలమంటాయి.
అందుకని ఇంటికాడే వొదిలీసి ఎల్లిపోతారు."

గది కాసేపు చప్పుడు లేకుండా అయిపోయింది.
ఇతిశ్రీ డబ్బా ఒకటి చెవి దగ్గర పెట్టుకుని
ఊపింది. మళ్ళీ ఊపింది.

మర్నాడు మా ఇంటి అటక మీంచి
నాన్న వదిలేసిన పట్టు చిక్కుల సంచీ దించాను.
డబ్బాకి చిటికెడు. మాత్రల మీద, మూత కింద.
ఆమె వ్యాసం అచ్చయింది.
అందులో పట్టు చిక్కుకి చోటు దొరకలేదు,
తవిటమ్మ పేరు మాత్రం చివర్న, చిన్నక్షరాల్లో.

ఇవాళ సాయంత్రం ఆరు గంటలకి
మూడో ఫ్రీజరు: మైనస్ డెబ్భై తొమ్మిది పాయింట్ ఎనిమిది.
రాశాను. సంతకం పెట్టాను.
బయట సూరత్ రైలుకి
ఆటోలు బయల్దేరుతున్నాయి.
చెవి ఒగ్గి విన్నాను.