డొల్ల సప్పుడు

ఖైతాన్ల, రొట్టెల భట్టి మీద మూడో అంతస్తు.
సుత్తె కొసతోని కప్పును తట్టుకుంట పోతున్న.
టంగుమంటే బతికున్నట్టు.
డొబ్బుమంటే లోపల చెయ్యి విడిచినట్టు.
డాక్టరు వీపు మీద వేలు పెట్టి కొట్టి ఇన్నట్టే,
కాకపోతే ఈ రోగి నా నెత్తి మీద పండుకున్నడు.

పెచ్చు లేపితె సలాక కనపడ్డది.
చిటికెన వేలంత ఉండాల్సింది బొటనవేలంతయింది,
వానకు తడిసిన పుస్తకం లెక్క పొరలు పొరలు.
"తుప్పు పట్టిన ఇనుముకు ఎక్కువ జాగ కావాలె"
అని గంగనర్సయ్య మొదటి రోజే చెప్పిండు నాకు.
"మంచి ఇనుము ఇచ్చిన జాగల ఒదుగుతది.
పాడైందే పక్కోన్ని నెట్టుతది."
అప్పుడు మా గదిల పన్నెండు మంచాలు. నవ్విన.

కట్టిన నాడు ఎవరో ఇసుకను కడగలే.
పైన బాత్రూం ఎన్నేండ్ల సందో కారుతున్నది.
ఉప్పు తిన్నది, నీళ్ళు తాగింది.
మనిషికైనా స్లాబుకైనా అదే సామెత.

ఆ ఇంట్ల అఫాఫ్ అని మిస్రీ ఆమె, లెక్కల టీచరు.
కుట్టుమిషను మీద నల్ల గొడుగు తెరిచి పెట్టింది.
మొన్న రాత్రి దిండు పక్కన పడ్డ ముక్కను
పేపర్ల చుట్టి దాచింది, సాక్ష్యం లెక్క.

సూపర్వైజర్ బిజు కాయితం చూపిచ్చిండు:
రెండు మీటర్లు. ఊడిన కాడికే.
ఓనరు అంతకే పైసలిచ్చిండట.
ఊడిన కాడ నేను ఆగిన. సుత్తె ఆగలే.
మంచం మీద డొబ్బు. అల్మారి మీద డొబ్బు.
తలుపు దాకా పోయినా అదే.
ఆమె కిందికెల్లి అడిగింది: "ఖతర్?"
నా అరబ్బీ ఎంత? నీళ్ళు, రేపు, జీతం, సరే.
దిగి, సుత్తె ఆమె చేతిల పెట్టిన.
కుర్చీ ఎక్కింది. చెవి ఒగ్గి తట్టింది,
బాగున్న కాడ ఒకపారి, డొల్ల కాడ ఒకపారి.
ఇంక మా నడుమ ఏ భాషా అక్కెర పడలే.

తెల్లారి పోయి చూస్తె
కప్పు నిండ సున్నాలు.
చీపురుకట్టెకు సుద్దముక్క కట్టి
రాత్రంత తట్టి తట్టి గీసినట్టుంది,
తప్పు లెక్కకు పంతులమ్మ వేసే సున్నాలు,
చిన్నయి, పెద్దయి, పదిహేడు.
ఆమె కనుబొమ్మల మీద సుద్దపొడి. మంచం వంటింట్ల.

బిజు చానసేపు మెడ ఎత్తి నిలబడ్డడు,
పెదవులు కదుపుకుంట లెక్కపెట్టిండు,
ఫోటో తీసి ఓనరుకు పంపిండు.
రెండు నీలి గీతలు పడ్డయి. జవాబు రాలే.
"జాకీలు ఇంకో నాలుగు తేవాల్నా?" గంగనర్సయ్య అడిగిండు.
బిజు తేమ్మనలే, వద్దనలే.
సిగరెట్ ముట్టిచ్చుకొని మెట్ల కాడికి పోయిండు.
మాకు అది చాలు.

మొదటి సున్నా మంచం మీదిది.
పూత గీకంగనే కాంక్రీటు మీద పలకల అచ్చు తేలింది:
ఏ అడివిదో ఒక చెట్టు, దాని ఏండ్ల గీతలు, ఒక ముడి,
ఈ వీధిల ఇన్నేండ్లు తలకిందులుగ.
ఒక్క నిమిషం చూసిన. పగలగొట్టిన.

తీగల బ్రష్షుతోని తుప్పు రుద్దితె
ఎర్రపొడి రెప్పల మీద, ముక్కుల, ఉమ్మిల.
ఇనుముకు మందు పూసి, మసాలా ముద్ద ఒత్తి
అరచెయ్యి పైకి పెట్టి నిలబడ్డ.
అది పట్టుకునేదాకా చెయ్యి తియ్యొద్దు.
మెడ గుంజుతది. మోచేతుల మీదికెల్లి ఉప్పు కారుతది.
కింద ఆమె నా పెయ్యి మీదికి గొడుగు జరిపింది,
నాకు అడ్డమే అది, అయినా వద్దనలే.

పైన ఎవరో బకెట్ పెట్టిన సప్పుడు.
నల్లా తిప్పిండు.