నాలుగో ప్రశ్న

అబ్బాసియాలో మూడో అంతస్తు,
రెండు కుటుంబాలకు ఒకటే వంటిల్లు.
రాత్రి పదిన్నర దాటితే గట్టు మాది.
కుక్కర్ చల్లారేదాకా ఆగి
తడి తుడిచి, పాత కాగితం పరిచి
బీ.ఎడ్. పుస్తకం దాని మీద పెట్టుకుంటాను.

నాలుగో ప్రశ్న, పదహారు మార్కులు:
'పిల్లవాడి ఇంటి వాతావరణం
అతని చదువుపై చూపే ప్రభావాన్ని
సొంత ఉదాహరణలతో వివరింపుము.'

మూడు రాత్రులుగా ఆ చుక్క దగ్గరే ఆగి ఉన్నాను.

ముందు రెండు-డి వాళ్ల కూడికలు దిద్దాలి,
ముప్పై ఎనిమిది పుస్తకాలు.
ఎబిన్ ఏడంకెకి నడుము మీద అడ్డగీత పెడతాడు,
వాళ్ల నాన్న బకాలా చిట్టాలో అలాగే రాస్తాడట.
రుఖియా తప్పుని చెరపదు.
దాని మీద పువ్వు గీసి దాచేస్తుంది.
పువ్వుకి ఇంటూ ఎలా పెట్టను?
పక్కన చిన్నగా 'చూశాను' అని రాశాను,
సూపర్‌వైజర్ అడిగితే
ఏం చెప్పాలో ఇంకా అనుకోలేదు.

చేరి నలభై రోజులు.
స్టాఫ్‌రూంలో నాకంటూ కుర్చీ లేదు,
ఎవరు క్లాసుకి పోతే వాళ్ల కుర్చీ నాది.
మొదటి వారం గొంతు పోయింది.
రెండో వారం తిరిగొచ్చింది గానీ
అది నాది కాదు,
రాయచోటి బళ్లో మాకు లెక్కలు చెప్పిన
రమాదేవి టీచరుది.
'గలాటా చేయొద్దండ్రా' అని నా నోట అదే అరిచింది,
పిల్లలు తెలుగు రాకపోయినా టక్కున ఆగారు.

ఫోన్లో చెల్లి మెసేజ్:
'టీచరమ్మా, మాతో మాట్లాడితే జీతం కోస్తారా?'
జవాబు రేపిస్తాను.
రేపు అన్న మాట కింద
ఇప్పటికే చాలా పేరుకుంది:
ఉతకని యూనిఫాం, మౌనీష్ ఊడే పన్ను,
ఆదివారం లోపు పంపాల్సిన ఈ కాగితాలు.

మౌనీష్‌ది ఒకటి-బి, మా బడే.
బళ్లో అమ్మా అని పిలవొద్దని
మొదటి రోజే చెప్పాను. అందరిలాగే మిస్ అనాలి.
వాడు తలూపాడు.
వరండాలో ఎదురైతే గోడవారగా నిలబడి
'గుడ్ మార్నింగ్ మిస్' అంటాడు,
బూటు లేసు ఊడి ఉన్నా వంగి కట్టలేను.

ఇందాక, ఒంటిగంటప్పుడు,
వంటింటి గుమ్మంలో చిన్న నీడ.
కళ్లు సగమే తెరిచి, చూపుడువేలు పైకెత్తి,
'మిస్, నీళ్లు తాగొచ్చా?'

ఇచ్చాను.
గ్లాసు తిరిగిచ్చి 'థాంక్యూ మిస్' అని
గోడ పట్టుకుంటూ వెళ్లి పడుకున్నాడు.

పెన్ను మూత ఎక్కడ పెట్టానో
చాలాసేపు వెతికాను. అది నోట్లోనే ఉంది.

నాలుగింటికి ఆయనొచ్చాడు, కుబ్బూస్ ఫ్యాక్టరీ నుంచి,
కనుబొమ్మల మీద పిండి,
చేతిలో ఇంకా ఆవిరి పోని కవరు.
ఓబులేసు అనే పేరు
ఇక్కడి కార్డులో అబ్లాస్ అయింది,
పిలిస్తే పలకడం నేర్చుకున్నానంటాడు.
గట్టు మీది ప్రశ్నని వేలు పెట్టి చదివాడు.
'దీనికి పదారు మార్కులా?
పుస్తకం పెట్టుకునే జాగా గూడా లేదని రాయి,
ఫుల్లుగా ఏస్తారు.'
నవ్వాను. ఆయన వేలి ముద్ర
'ప్రభావం' మీద తెల్లగా పడింది.
దులపలేదు.

ఆయన పడుకున్నాక అరపేజీ రాశాను.
'ఒక పిల్లవాడు ఉన్నాడు' అని మొదలుపెట్టి
పేరు రాయలేదు.
వాడి తల్లి ఏం చేస్తుందో కూడా రాయలేదు.
మార్కులు పోతాయేమో.

ఐదూ నలభైకి బస్సు.
కిటికీ బయట దుమ్ము,
లైట్ల చుట్టూ పసుపు ముద్దలా.
గేటు దాటేదాకా
నన్ను ఏమని పిలిచినా పర్లేదురా అన్నాను.
మౌనీష్ ఆలోచించాడు.
నా భుజం మీద తల పెట్టాడు.
ఏమీ పిలవకుండానే నిద్రపోయాడు.