ఒక్క నిమిషం

ఫోన్లో ఆ పిల్ల గది అద్దె అడగలేదు,
స్నానానికి వేడినీళ్లుంటాయా అనీ అడగలేదు.
వచ్చీరాని రష్యన్‌లో,
"మీ లోయకి ఏ నెలలో వస్తే బాగుంటుంది?" అంది.
వార్సా నుంచట.

చేతులనిండా పిండి. భుజానికీ చెవికీ మధ్య ఫోను.
ఒక్క నిమిషం, అన్నాను.
కిటికీలోంచి ఉష్బా కొండకేసి చూశాను, అదేమైనా చెబుతుందేమోనని.
దాని రెండు కొమ్ములూ మబ్బులోనే.
పొద్దుటినుంచీ అదే వరస.

ఇది మే. ఇప్పుడు మాత్రం వద్దని చెప్పగలను.
మెస్తియా వీధులు ఇప్పుడు మనుషులవి కావు, బురదవి, ఆవులవి.
ఏరు పొద్దున గుసగుసలాడుతుంది,
పైన మంచు కరిగిన కొద్దీ గొంతు పెంచి
సాయంత్రానికి రంకె వేస్తుంది.
కొత్తవాళ్లకి నిద్ర పట్టదు.
నాకు అది ఆగితే పట్టదు.

జూన్ అందామా?
పైన పచ్చికలో గుర్రమెక్కినవాడి మోకాళ్లని తాకుతాయి పూలు.
కానీ కనుమ మీద మంచు ఇంకా ఉందని
సగం దారిలో వెనక్కి తిరిగొచ్చి నా మీద అలుగుతారు,
నేనేదో తాళం వేసినట్టు.

జూలైలో అందరూ వస్తారు.
ఎండ కావాలి వాళ్లకి. మాకూ ఎండే కావాలి.
వాళ్లకి ఫొటోల కోసం, మాకు గడ్డి కోసం.
వాన పడితే వాళ్లు డబ్బు వెనక్కిమ్మంటారు.
నల్లబడిన గడ్డివామి ముందు నిలబడి
మేం ఎవర్ని అడగాలి?

దుంపలు తవ్వే రోజుల్లో ఓ జర్మన్ ముసలాయన వచ్చాడు,
రెండు రాత్రులకి డబ్బు కట్టి.
పెట్టె దించుతూనే, బూర్జ చెట్లు పచ్చబడ్డాయి చూడమన్నాడు.
చూసే తీరిక ఎవరికుంది? చేతికి గునపం ఇచ్చాను.
తొమ్మిది రోజులున్నాడు.
వెళ్తూ బస్తాలు లెక్కపెట్టాడు, చెట్ల సంగతి మరిచిపోయాడు.

ఇక జనవరి. అది నీకు చెప్పే నెల కాదమ్మాయీ.
మంచు పెళ్లలు విరుచుకుపడి నాలుగు రోజులు బస్సు రాదు.
చిన్న విమానం వచ్చి లోయ మీద ఓ చుట్టు తిరిగి,
మనసొప్పక వెనక్కి పోతుంది.
కరెంటు ఉండదు. గొట్టంలో నీళ్లు రాయవుతాయి.

సరిగ్గా అప్పుడే మావాళ్లు వస్తారు.
లిపానాలి అంటాం, పోయినవాళ్లు ఇంటికొచ్చే రోజులు.
బల్ల మీద అన్నీ సర్ది గిన్నెల మూతలు తీస్తాను,
ఆవిరే వాళ్ల వాటా.
మా మావ చిచికోకి జున్ను కలిపి సాగేలా మెదిపిన దుంపలు.
తోడికోడలు ఎతెరికి, పళ్లు లేవు కదా, తేనెలో నానిన రొట్టె.
బెఖాన్‌కి కుబ్దారి, లోపల మాంసం దండిగా, ఉప్పు ఓ చిటికెడు ఎక్కువ.

గడ్డి కోస్తూ జారాడు మా ఆయన, వాలులో,
ఆగస్టులో,
ఆకాశంలో మబ్బు తునకైనా లేని రోజున.
గైడు పుస్తకాలు మెచ్చుకునే వాతావరణం.

వాళ్లలో ఒక్కరూ ముందుగా అడగరు,
మక్వాలా, ఎప్పుడు రమ్మంటావని.
చలి ఎంతుందని, రోడ్డు తెరిచారా అని అడగరు.
గడియ తీసి ఉంచితే చాలు.

ఇవన్నీ ఫోన్లో చెప్పే మాటలా?
"సెప్టెంబరు," అన్నాను, "మూడో వారం. స్వెటర్ తెచ్చుకో."
"వాన పడదు కదా?"
"పడితే పడుతుంది తల్లీ. పొయ్యి ఉంది."
నవ్వింది. రాసుకుంటున్న చప్పుడు వినిపించింది.

ఫోను పెట్టేశాక చూద్దును కదా,
ఉష్బా ఎడమ కొమ్ము బయటపడి ఉంది,
కడిగిన కత్తిలా.
మళ్లీ ఫోన్ చేసి చెబుదామా, ఇప్పుడే బయల్దేరమని?
పిండంటిన వేలితో నంబరు వెతికేలోగా
మూసుకుపోయింది.