లాభం, రెండు, మూడు

డేటన్ ఊళ్ళో ఎల్జిన్ ప్రాథర్ పోయిన తొమ్మిదో రోజు
కోర్టు గుమస్తా అతని మేనకోడల్ని అడిగింది:
"ఆస్తి ఎంత?"

వెర్నెల్ కాసేపు ఆ ఖాళీ గడినే చూసింది.
బయట మార్చి నెల. మయామీ నది మీద
కరగాలా వద్దా అని తేల్చుకోలేని మంచు.

ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

లోకానికంతా గల్లాపెట్టెలు చేసిచ్చిన ఊరది.
ఎల్జిన్ వాళ్ళ నాన్న ఇరవై ఆరేళ్ళు
ఆ ఫ్యాక్టరీలో గంటలు బిగించాడు,
సొరుగు తెరుచుకుంటే ఠంగుమనే చిన్న గంటలు.
రోజుకు నాలుగు వందలు మోగించి చూసి
ఇంటికొచ్చి ఒక్క మాటా లేకుండా మొక్కజొన్న రొట్టె తినేవాడు.
పిల్లాడు మాత్రం ఆ ఠంగుని చెవిలో దాచుకున్నాడు.
పద్నాలుగో ఏట, తాకట్టు కొట్లో కొన్న టెనర్ శాక్సఫోన్‌లో
మొదట వెతికింది ఆ స్వరాన్నే.

అరవై తొమ్మిదిలో, రంగుల దుకాణం వెనక గరాజ్‌లో
ఐదుగుర్ని పోగేసి బ్యాండ్ కట్టాడు: థర్డ్ స్ట్రీట్ ఫర్నెస్.
డ్రమ్మర్ మోస్ గెయిన్స్‌కి తాళం రాదు, కోపం వచ్చు.
"ఆ కోపమంతా ఒకటి మీద వెయ్యి," అన్నాడు ఎల్జిన్.
"రెండూ మూడూ నాలుగూ వాటంతటవే వస్తాయి,
అప్పులవాళ్ళలాగా."

మా వైపు కళ్ళంలో ధాన్యం కొలిచేవాడు
ఒకటి అనడు. లాభం అంటాడు.
లాభం, రెండు, మూడు...
ఈ సంగతి చెప్పడానికి నేనా గరాజ్‌లో లేను.
చెబితే నవ్వేవాడనుకుంటాను,
ముందు పళ్ళ మధ్య సందు కనబడేలా.

డెబ్బై మూడులో ఒక పాటకి దేశమంతా ఊగింది.
ఊదా రంగు సూట్లు, నలభై రెండు ఊళ్ళు,
క్లీవ్‌లాండ్‌లో గెంతుళ్ళకి చెక్కలు విరిగిన వేదిక.
మేనేజర్ ఒక కాగితం తెచ్చాడు. దాంతోపాటు
గుమ్మం ముందుకి ఆకుపచ్చ కాడిలాక్.
కాగితం చదవడానికి ఒక పూట పడుతుంది,
కారెక్కడానికి క్షణం.
సంతకం బానెట్ మీదే పెట్టాడు.

పాట వాళ్ళదైంది. కారు మూడో చలికాలానికి తుప్పు పట్టింది.
డబ్బంతా గాలికి పోయిందన్నారు చుట్టాలు.
నిజమే. గాలి ఊది తెచ్చింది
గాలికి కాక ఇంకెక్కడికి పోతుంది?
పైగా చేతికి ఎముక లేని మనిషి.
మోస్ కిడ్నీల వైద్యం, చర్చి కప్పుకి తారు,
వెర్నెల్ నర్సింగ్ చదువు,
పేరు చెప్పకూడని ఒకావిడకి ఒక పియానో.

శాక్సఫోన్ పదకొండుసార్లు తాకట్టుకెళ్ళింది.
ముసలి స్ట్రౌడ్ దాన్ని ఎప్పుడూ అద్దాల కిటికీలో పెట్టలేదు.
లోపలి గదిలో, తన కోటు కప్పి పడుకోబెట్టేవాడు
జ్వరమొచ్చిన పిల్లలాగా.

అరవై ఏడో ఏట, ఎవరో కుర్రాడు ఆ పాటలోంచి
నాలుగు సెకన్లు కత్తిరించి
షాంపూ ప్రకటనలో తిప్పాడు, తిప్పాడు, తిప్పాడు.
ఆ నాలుగు సెకన్లూ నాన్న గంటే.
ఎల్జిన్‌కి చెక్కు వచ్చింది,
నలభై ఒక్క డాలర్ల పదిహేడు సెంట్లు.
ఫ్రేమ్ కట్టించి గోడకి పెట్టమన్నాడు మోస్.
"పిచ్చా నీకు?" అని బ్యాంకులో మార్చుకుని
ఒక డబ్బా రీడ్లు, ఇద్దరికీ వేయించిన క్యాట్‌ఫిష్ కొన్నాడు.
ఆ పదిహేడు సెంట్లు మాత్రం
చాలాసేపు గుప్పిట్లో ఆడించాడు.

గుమస్తా ఇంకా కలం పట్టుకునే ఉంది.
వెర్నెల్ రాయించింది:
ఇత్తడి వాయిద్యం ఒకటి, ఎడమ చిటికెన వేలి మీట వదులు.
ఊదా కోటు, ఒక చెయ్యి చిమ్మెటలు తినేశాయి.
బాకీ, స్ట్రౌడ్ కొడుక్కి ముప్పై డాలర్లు.

"ఇంతేనా?"

ఇంటికెళ్తూ కిరాణా కొట్లో ఆగింది. పాలు, గుడ్లు.
అక్కడి యంత్రం ఇప్పుడు బీప్ అంటుంది, అంతే.
వెనక వరసలో ఒక పిల్ల
చెవుల్లో ఏదో పెట్టుకుని వింటూ
మడమతో నేలని ఒక్కటి కొట్టింది.
వెర్నెల్ చిల్లర లెక్క తప్పి
మళ్ళీ మొదలుపెట్టింది.